తలకట్టు లేని మాట

మా ఇంట్లో తల లేదు. అంటే తలలు నాలుగూ ఉన్నాయి, తల అనే మాటే లేదు. మా ఆవిడ దాన్ని నిషేధించి ఆ బుధవారానికి పద్దెనిమిది రోజులు.

తలతో పాటు జుట్టు, జడ, దువ్వెన, పాపిడి కూడా పోయాయి. మొదట్లో ఇంతేకదా అనుకున్నాం. తెలుగులో తల లేకుండా నాలుగు మాటలు మాట్లాడటం ఎంత కష్టమో దిగాక గానీ తెలియలేదు. నాకు తలనొప్పి వస్తే పై అంతస్తులో నొప్పి అనాలి. తలగడ కాస్తా మెత్త అయింది. ఓ రోజు మా అమ్మ తలుపు వెయ్యమనబోయి, మొదటి అక్షరం దగ్గరే నాలుక కరుచుకుని, అది వెయ్యరా అంది. ఏది అని నేను, అదేరా అని ఆవిడ. మా వాదన తేలేలోగా పక్కింటి పిల్లి ఆ వెయ్యని దానిలోంచి వచ్చి పాలన్నీ తాగేసి, మూతి తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఇల్లు ఊడవడం కూడా మానేశాం. చీపురు ఆడుతూనే ఉంది, ఆ మాట మాత్రం అనేవాళ్లం కాదు, అందులో ఊడటం వినబడుతుందని.

ఇదంతా మా అమ్మాయి కోసం. దానికి ఎనిమిదేళ్లు. విన్నది విన్నట్టు పొల్లు పోకుండా అప్పజెబుతుంది కాబట్టి ఇంట్లో దాని పేరు పొల్లు. దాని జుట్టు ఎంత ఒత్తుగా ఉండేదంటే, బోర్డులు రాసుకునే నాకు ఆ ఒత్తు అక్షరం కింద పెట్టాలో పక్కన పెట్టాలో తెలిసేది కాదు. మూడు పాయలూ చేతికి చాలేవి కావు. రోజూ పొద్దున్నే మా ఆవిడ చిక్కు తియ్యడం, అది కెవ్వుమనడం మా ఇంటి అలారం.

మూడు నెలల కిందట ఒక పొద్దున అలారం మోగలేదు. జడ అల్లుతున్న మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చెవి వెనకాల చొక్కా గుండీ అంత మేర నున్నగా ఉంది, చూడండి అంది. ఆవిడ బట్టలు కుడుతుంది. కుట్టుపనివాళ్లకి లోకమంతా గుండీల కొలతలో కనబడుతుంది. నాకేమో లోకమంతా మాటలుగా కనబడుతుంది.

"గుండీయే కదా, గుండు కాలేదుగా" అన్నాను.

అందరం నవ్వాం. పొల్లు అందరికన్నా ఎక్కువ నవ్వి, బడికెళ్లి అందరికీ చెప్పుకుంది. రెండు వారాల్లో చొక్కా గుండీ కోటు గుండీ అయింది. దాని పక్కన ఇంకోటి లేచింది. రెండు నెలలు తిరిగేసరికి గుండీలన్నీ కలిసిపోయాయి. ఏం అయిందో నేను చెప్పక్కర్లేదు, అప్పుడే చెప్పేశాను కదా.

జుట్టు రాలింది. మళ్లీ రాలేదు. ఈ రెండు మాటలూ ఎంత దగ్గర చుట్టాలో చూడండి. మామూలు రోజుల్లో అయితే దీన్ని నేను వారం పాటు ఇంటింటికీ తిప్పేవాణ్ని. ఈసారి గొంతు దాటనివ్వలేదు. నా నోట్లోంచి వచ్చిన మాటే వెళ్లి పిల్ల నెత్తిన కూర్చుందని నాకో భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక కూడా అది పోలేదు.

చర్మం డాక్టరమ్మ శుభ్రంగానే చెప్పింది. పొల్లునీ మా అమ్మనీ బయట బల్ల మీద కూర్చోబెట్టి మేమిద్దరమే లోపలికి వెళ్లి విన్నాం. ఒంట్లో ఉండే కాపలావాళ్లు సొంత జుట్టునే దొంగ అనుకుని తరిమేస్తున్నారట. అంటుకునేది కాదట, ప్రాణానికి ఏమీ కాదట. మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, వచ్చి మళ్లీ పోనూవచ్చు. పైపూత మందు ఒకటి రాసిచ్చి, పిల్ల బాగానే ఉంది, మీ ఇద్దరి మొహాలే బాగాలేవు, ముందు వాటి సంగతి చూసుకోండి అంది.

మేం వాటి సంగతి చూసుకోలేదు. దువ్వడానికి జుట్టు లేకపోయేసరికి ముగ్గురం ఒకరి మీద ఒకరం కాలు దువ్వడం మొదలుపెట్టాం. కొత్త సబ్బు వల్లే అని మా అమ్మ. మీ నాన్నగారిది బట్టతల కదా అని మా ఆవిడ. ఆయనకి అరవయ్యేళ్లకి పోయింది, దీనికి ఎనిమిదేళ్లకేనా అని నేను. చిక్కు తీసే రోజుల్లో ఇంట్లో ఏ చిక్కూ లేదు. చిక్కల్లా ఇప్పుడు తియ్యడానికి చిక్కు లేకపోవడమే. పొల్లు నిద్రలేవకముందే మా ఆవిడ మెల్లగా వెళ్లి మెత్త మీద రాలినవన్నీ ఏరి కొంగులో దాచేది. తర్వాత ఏరడానికి కూడా ఏమీ మిగల్లేదు. అయినా కొన్నాళ్లు ఆవిడ పొద్దున్నే వెళ్లి ఆ మెత్తని తడుముతూనే ఉంది. ఆ తర్వాత మిషను ముందు కూర్చుని వారానికి ఏడు టోపీలు కుట్టింది, రోజుకో రంగు.

మొదటి టోపీ పెట్టుకుని పొల్లు ఒక శనివారం బడికి వెళ్లింది. బెంచీ మీద దాని పక్కన కూర్చునే పిల్ల, ఇది అంటుకుంటుందా అని అడిగిందట. మేం చెప్పలేదు కాబట్టి దానికి తెలియదు. తెలియదనే చెప్పింది. ఆ పిల్ల పుస్తకాలు తీసుకుని బెంచీ చివరికి జరిగిపోయింది. పొల్లు ఇంటికొచ్చి ఇదంతా పొల్లు పోకుండా చెప్పి, ఇంక నేను బడికి వెళ్లను అంది. గొడవ చెయ్యలేదు, ఏడవలేదు. సంచీ గూట్లో పెట్టేసి వెనక గదిలోకి వెళ్లిపోయింది. మా ఇంట్లో మాటల నిషేధం ఆ సాయంత్రమే మొదలైంది.

బతిమాలాం, బుజ్జగించాం. రోజులు పెరిగేకొద్దీ రావడం ఇంకా కష్టమవుతుందని టీచరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. నాకప్పుడు కావలసింది ఒక్కటే, పొల్లు మళ్లీ ఆ బడి మెట్లు ఎక్కడం. దానికోసం ఏం చెయ్యమన్నా చేసేవాణ్ని. నాకు చాతనైన పని నోరు పారేసుకోవడం ఒక్కటే కాబట్టి నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్లుగా నా నోటికి భయపడి పక్కదారిన వెళ్లే వీధి జనం, ఆర్టిస్టుగారికి పన్ను నొప్పా అని మా ఆవిణ్ని అడగడం మొదలుపెట్టారు.

నా షాపు వీధి వైపు గదే. మధ్య గదిలో మిషను, వెనక గదిలో మిగతా సంసారం. అక్షరాలు రాయడంలో నాకో పద్ధతి ఉంది. ముందు దారానికి సుద్ద పూసి గీతలు కొడతాను. తర్వాత వెడల్పు బ్రష్షుతో అక్షరాల ఒళ్లు రాస్తాను. అవి ఆరాక సన్న బ్రష్షు తీసుకుని తలకట్లన్నీ ఒకేసారి, ఒకే ఊపులో పెట్టుకుంటూ పోతాను. క నెత్తినా గ నెత్తినా చిన్న కొక్కెంలా ఉంటుందే, అది. అన్నీ ఒకే ఊపులో పెడితేనే అన్నీ ఒకేవైపు వాలతాయి. ఒకటి ఇటూ ఒకటి అటూ వాలితే బోర్డు నిద్రలేచిన మొహంలా ఉంటుంది. అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదముంది. ఒళ్లు రాశాక తలకట్టు మరిచిపోవచ్చు. అందుకని పొల్లు రంగు డబ్బా మీద కూర్చుని బోర్డు చదివి, దీనికి ఏడు కావాలి నాన్నా, దీనికి పదకొండు అని లెక్క చెప్పేది. దాని లెక్క ఎప్పుడూ తప్పలేదు.

జుట్టు పోయాక అది షాపులోకి రావడం మానేసింది. వీధిలో వెళ్లేవాళ్లకి కనబడతానని.

ఆ బుధవారం పదింటికి కళ్లజోళ్ల షాపాయన ఆటో దిగాడు. చంకలో నాలుగడుగుల చెక్క బోర్డు. ముందు రోజే నేను రాసి, నేనే మోసుకెళ్లి, నేనే మేకులు కొట్టి వచ్చిన బోర్డు. దాన్ని గోడకి ఆనించి, చాలా మర్యాదగా అన్నాడు:

"ఏవండీ ఆర్టిస్టుగారూ, మా షాపుకొచ్చేవాళ్లకి చూపు తక్కువే. కానీ మరీ ఇంత తక్కువ కాదు. మీ చేతిలో మా అక్షరాలకి జుట్టంతా ఊడిపోయింది. చూడండి, ఈ మొదటాయన పూర్తిగా గుండు."

మధ్య గదిలో మిషను టక్కున ఆగింది. మా అమ్మ చదువుతున్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఒక్క గుక్కలో జుట్టు, ఊడటం, గుండు. పద్దెనిమిది రోజులుగా మేం దాచిన సరుకంతా ఆ మనిషి గుమ్మంలో కుమ్మరించేశాడు. ఆపమని నేను కన్ను గీటాను. ఆయన కళ్లజోళ్ల మనిషి. కంట్లో నలక పడిందా అంటూ జేబులోంచి చిన్న టార్చి తీసి, నా రెప్ప పైకెత్తి లోపలికి చూడటం మొదలుపెట్టాడు.

టార్చి వెలుతురు పోయాక చూద్దును కదా, మధ్య గది తెర పక్కన పొల్లు. బుధవారం టోపీలో, పచ్చరంగుది. తిన్నగా బోర్డు దగ్గరికి వచ్చి నిలబడి చదివింది. 'రంగుల కళ్లద్దాలు' అని ఉండాలి అక్కడ. తలకట్టు లేని ర ఒట్టి సున్నా. దాని పక్కన నిజమైన సున్నా ఉండనే ఉంది. మిగతా అక్షరాలు బోసిగా చూస్తున్నాయి.

"నాలుగు మర్చిపోయావు నాన్నా. ర, గ, క, ళ" అంది.

తర్వాత తల కొంచెం పక్కకి వంచి, ఈ రెండు సున్నాలూ కళ్లజోడులా ఉన్నాయి అంది. షాపాయన తన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ చూశాడు. ఉన్నాయి. నవ్వాడు. ఆయనొక్కడే నవ్వాడు. మేం ముగ్గురం ఫొటోలో మనుషుల్లా ఉన్నాం.

పొల్లు మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"నాన్నా, నాది చాలా పెద్ద జబ్బా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ ఏమీ అనట్లేదు. అందుకే అడుగుతున్నా. నువ్వు జోకులు మానేశావు. అమ్మ తలుపుని తలుపు అనదు. నాయనమ్మ నేను రాగానే మాట మార్చేస్తుంది. డాక్టరు దగ్గర నన్ను బయట కూర్చోబెట్టారు. నేను చచ్చిపోతానని నాకు చెప్పకుండా మీరందరూ కలిసి నాకు టోపీ పెడుతున్నారు."

అనేశాక దాని చెయ్యి నెత్తి మీది టోపీ మీదికి వెళ్లింది. తను ఏమందో దానికి అప్పుడు తెలిసింది. పేపరు వెనకనించి మా అమ్మ ముక్కుతో ఒక చప్పుడు చేసింది. నవ్వో ఏడుపో పేపరుకే తెలియాలి.

మా ఆవిడ కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతుండగా వచ్చి, పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. కాపలావాళ్లు, దొంగలు, రావచ్చు, రాకపోవచ్చు, ఏదీ దాచలేదు. చావు మాట అసలు ఎవరూ అనలేదని రెండుసార్లు చెప్పింది. పొల్లు అన్నీ విని ఒక్కటే పట్టుకుంది.

"అంటుకోదా?"

"అంటుకోదమ్మా."

"ఈ మాట ముందే చెప్పుంటే నేను బెంచీ మీద చెప్పేదాన్ని కదా."

మా ఆవిడ టేపు కొస చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. ఇంక నా వంతు అనిపించింది. కళ్లజోళ్లాయన అక్కడే ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా, మూడు నెలలుగా నన్ను తొలుస్తున్న గుండీ సంగతి చెప్పేశాను. నేను నోరు జారాను, అదే జరిగింది, అందుకే మాట్లాడటానికి భయం అన్నాను. పొల్లు నన్ను చూసిన చూపులో జాలి ఎక్కువ, గౌరవం తక్కువ.

"నువ్వంటే అయిపోతుందా? పోయినేడు మన స్కూటరు గుర్రమైపోతుందన్నావు. ఇంకా తోస్తూనే ఉన్నాం."

"అది వేరు."

"అయితే జుట్టు వచ్చేలా ఒక జోకెయ్యి. చూద్దాం."

ప్రయత్నించాను. ఒట్టు, నిలువెల్లా ప్రయత్నించాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఒక్క మాట కూడా ఇంకో మాటకి అతుక్కోలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. షాపాయన నా గొంతులోకి కూడా టార్చి వేస్తాడేమో అని భయమేసి మూసేశాను. రాలేదు కదా, మరి, అని పొల్లు తేల్చేసింది. దాని దృష్టిలో కేసు కొట్టేసినట్టే. సుద్దముక్క అందుకుని బోర్డు వెనక్కి తిప్పమంది. ఏ మాటకి ఎన్ని తలకట్లో ముందు లెక్కపెట్టుకోవాలి, లేకపోతే నువ్వు మళ్లీ మర్చిపోతావు అంది.

అప్పుడు రాసింది, మా ఇంట్లో ఎవరం అనని మాటలు వరసగా. తల, ఒకటి. జడ, ఒకటి. జుట్టు.

సుద్దముక్క ఆగింది. జుట్టు దగ్గర అది ఎంతసేపు ఆగిందంటే, మా ఆవిడ కంగారుగా నా వైపు చూసింది.

"నాన్నా. జుట్టుకి తలకట్టే లేదు."

నేను వంగి చూశాను. జ కి లేదు. ట కి లేదు, కింద ఒత్తుంది గానీ పైన ఏమీ లేదు. ఎన్ని క్షౌరశాలలకి బోర్డులు రాశానో. జుట్టు కత్తిరింపు, జుట్టుకు రంగు, అక్షరం అడుగు ఎత్తున రాశాను. ఇరవై ఏళ్లు ఆ మాట నా బ్రష్షు కిందనించి బోడి తలతో నడిచి వెళ్లిపోతుంటే నేను చూడనేలేదు.

పొల్లు అప్పటికే కింద ఇంకో మాట రాస్తోంది. గుండు. గు నెత్తిన ఒకటి పెట్టింది, డు నెత్తిన ఒకటి పెట్టింది. వెనక్కి జరిగి చూసుకుంది.

"గుండుకి రెండున్నాయి."

ముందు మా ఆవిడ నవ్వింది. నిషేధం పెట్టిన మనిషే దాన్ని ముందు తెంచింది. నేల మీద చతికిలబడి, టేపు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వింది. మధ్యలో ఎప్పుడో అది ఏడుపైంది, మళ్లీ నవ్వైంది. బట్టతలకి రాయవే, మీ తాతయ్యకి ఎన్నో చూద్దాం అని మా అమ్మ పేపరు అవతల పారేసి వచ్చింది. రాస్తే ఒకటి. జుట్టుకి సున్నా, బట్టతలకి ఒకటి, గుండుకి రెండు. టోపీకి ఏమీ లేదని కూడా తేలింది. అక్షరాలు కనిపెట్టిన మహానుభావుడు మంచి వెటకారం మనిషై ఉండాలి అని కళ్లజోళ్లాయన వ్యాఖ్యానించాడు. ఆయన రంగు డబ్బా మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు, ఇంక కదిలేలా లేడు.

నేను సుద్ద తీసుకుని బలం అని రాసి, చూశావా, దీనికీ తలకట్టు లేదు, తల్లీ అన్నాను. కళ్లు తడి అయ్యాయనుకుంటా.

పొల్లు నా చేతిలో సుద్ద తీసుకుని కింద జబ్బు అని రాసింది. "దీనికీ లేదు నాన్నా. ఊరికే ఎక్కువ చెయ్యకు" అంది.

బోర్డు ఎలా చెయ్యాలో చివరికి షాపాయనే చెప్పాడు. గ కి, క కి, ళ కి తలకట్లు పెట్టించి, ర ని మాత్రం అలాగే వదిలెయ్యమన్నాడు, కళ్లజోడు బాగుందని. పొల్లు లెక్క సరిచూసి, మూడు అంది. నేను మూడు పెట్టాను. పర్వాలేదు, ఒకేవైపు వాలాయి.

మర్నాడు పొద్దున్నే అది గూట్లోంచి సంచీ దించింది. ఎవరం వెళ్లమనలేదు. అంటుకోదని ఆ పిల్లకి చెప్పాలి కదా అంది, బాకీ ఉన్నట్టు. ఎండగా ఉందని టోపీ పెట్టుకుంది, క్లాసులో ఉక్కగా ఉంటే తీసేస్తానంది. బడి దాకా వెళ్లి దింపాను. మెట్ల దగ్గర కాసేపు నిలబడింది. నేనేదో అనబోతే, నువ్వు వెళ్లు నాన్నా అంది. లెక్కపెట్టుకుంటున్నట్టు ఒక్కో మెట్టే ఎక్కింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నేను ఒక్క అక్షరం రాయలేదు. మా ఆవిడ ఒక చొక్కాకి రెండు చేతులూ కుడివే కుట్టింది.

నాలుగున్నరకి పొల్లు వచ్చింది. ముగ్గురం గుమ్మంలోనే ఉన్నాం. సంచీ కింద పడేసి, ఎప్పటిలాగే అంతా అప్పజెప్పింది. టోపీ రెండో పీరియడుకి తీసేసిందట. కొందరు నవ్వారట. వెనక బెంచీ వాడొకడు గుండు అన్నాడట, అయితే తలకట్లు లెక్కపెట్టుకోమందట. పక్క పిల్ల మూడో పీరియడు దాకా బెంచీ చివరే ఉందట. ఆ తర్వాత తలకట్టు లేని మాటలు ఇంకా ఏమున్నాయో వినబడక, కొంచెం కొంచెంగా జరిగి దగ్గరికి వచ్చిందట. సాయంత్రానికి క్లాసంతా వెతుకుతున్నారట. తన పేరులో మూడు తలకట్లున్నాయని ఒక పిల్లాడు ఏడ్చాడట.

చెప్పడం అయ్యాక మొహం కడుక్కుని వచ్చి, బల్ల దగ్గర కూలబడి అంది: "రేపు నేను బడికి వెళ్లను."

మా ఆవిడే ఎందుకని అడిగింది.

"టీచరమ్మ పద్దెనిమిది రోజుల హోంవర్కు ఇచ్చింది. రేపటికల్లా ఎలా రాస్తాను? ఇంకో నాలుగు రోజులు ఒంట్లో బాగాలేదని చెప్పండి."

మా ఆవిడ లేచింది. సంచీ తెచ్చి పుస్తకాలన్నీ బల్ల మీద బోర్లించింది. మూడు నెలలుగా నేను వినని గొంతుతో, "కూర్చో. పెన్సిలు తియ్యి" అంది.

పొల్లు నా వైపు చూసింది, ఏమైనా అడ్డుపడతానేమో అని. నేను పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాను.